నాన్న ఉండి వచ్చిన ఊరు

హౌరా నుంచి చెన్నై వెళ్ళే మెయిలు బరంపురం స్టేషనుకి ఉదయం ఎనిమిదిన్నర ప్రాంతంలో వస్తుంది. ఏడున్నరకే లంజిపల్లిలో మా ఇంటి ముందు ఆటో ఎక్కాం, నేనూ మా నాన్నా. రెండు సూట్‌కేసులు, ఒక చేతిసంచి, అమ్మ కట్టిచ్చిన పులిహోర డబ్బా. అమ్మకి మోకాళ్ళ నొప్పులు. రానంది.

"నానేటి నడవగల్ను ఆ ఊర్లో. మీరిద్దరూ ఎల్లి రండి. మీ నాన్న తిరిగిన ఊరే కదా, అన్నీ దగ్గరుండి సూపిస్తాడు" అంది గుమ్మంలో నిలబడి. నాన్న ఆ మాటకి తల ఊపి, ఆటోవాడితో "పోనీ, పోనీ" అన్నాడు.

మా వీధిలో మా నాన్నని ఉత్త రామ్మూర్తి అంటే ఎవరికీ తెలియదు. సింగపూర్ రామ్మూర్తి అనాలి. పెళ్ళికి ముందు రెండేళ్ళు ఆయన సింగపూర్‌లో ఒక హోటల్లో పనిచేసి వచ్చాడు. తర్వాత జీవితమంతా మా ఊరి బడాబజారులో ఒక బట్టల హోల్‌సేల్ దుకాణంలో గుమస్తాగా ఉన్నా, ఆ రెండేళ్ళే ఆయనకి ఇంటిపేరైపోయాయి. ఇచ్చాపురంలో మా తాతగారు అమ్మని ఇచ్చింది కూడా విదేశం చూసొచ్చిన కుర్రాడనే. నేను ఆరో తరగతిలో ఉండగా, నాన్న చెప్పినవన్నీ గుర్తుపెట్టుకుని 'నేను చూడాలనుకునే నగరం' అని వ్యాసం రాస్తే మొదటి బహుమతి ఇచ్చారు. నది నిండా పడవలు, సముద్రం ఒడ్డున వరుసగా తిండి బళ్ళు, కొబ్బరిపాల పులుసులో రొయ్యలూ సేమ్యాలూ వేసిచ్చే 'లక్సా'. ఆ లక్సా గురించి ఎన్నిసార్లు విన్నానంటే, మా ఇంట్లో ఎన్నడూ వండని ఆ వంటకం పేరు మా పనిమనిషికి కూడా వచ్చు.

నాన్నకి డెబ్భై నిండాయి. నేను ఛత్రపూర్ కోర్టులో సాక్షుల వాంగ్మూలాలు టైపు చేస్తాను. పెళ్ళి చేసుకోలేదు, పెద్ద ఖర్చులూ లేవు. నాన్నకి ఆయన సింగపూర్ని మళ్ళీ ఒకసారి చూపిద్దామనుకున్నాను. ఎగిరి గంతేస్తాడనుకుంటే, ఆరు నెలలు తప్పించుకు తిరిగాడు. మొదట ఎండలన్నాడు. తర్వాత కంటి ఆపరేషన్ అన్నాడు. "ఆ ఊరు ఇప్పుడు అలగ ఉండదమ్మా, సూస్తే మనసు పాడవుతాది" అన్నాడు. ఎందుకు వద్దంటున్నాడో నాకు అంతుపట్టలేదు. చివరికి అమ్మ కసిరింది. "ఇన్నేళ్ళు మా సెవులు తినీసేరు. పిల్ల తీసుకెల్తానంటే ఈ బెట్టేటి?" దాంతో ఒప్పుకున్నాడు.

వీసా కాగితాలు నింపిన రోజు కూడా చిన్న తికమక. ఇంతకు ముందు వేరే పాస్‌పోర్టు మీద ఆ దేశంలోకి వెళ్ళారా అని ఒక ప్రశ్న ఉంది. నేను 'అవును' దగ్గర టిక్కు పెట్టబోతే నాన్న చెయ్యి పట్టుకున్నాడు.

"నేదని రాయి."

"ఎల్లేవు కదా నాన్నా?"

"పాత సంగతులు ఆళ్ళకెందుకు? నేదని రాయి. సంతకం నాది."

పెద్దాయన, ఎందుకొచ్చిన గొడవ అనుకుంటున్నాడేమోనని ఊరుకున్నాను. అయితే తప్పుడు కాగితం మీద సంతకం పెట్టే మనిషి కాదే అని మాత్రం ఒక క్షణం అనిపించింది.

రైల్లో మా ఎదురు సీట్లలో దిగపహండి నుంచి ఒక బియ్యం వ్యాపారీ ఆయన భార్యా ఉన్నారు. ఆమె కళ్ళు చూపించడానికి చెన్నై వెళ్తున్నారు. మేం ఎక్కడికి అని అడిగితే చెప్పాను. అంతే, పలాస రాకముందే నాన్న మొదలుపెట్టాడు. ఒడియాలో, తడుముకోకుండా, చేతులు తిప్పుతూ. ఆ వ్యాపారి "ఆజ్ఞా, సేఠి గరమ్ కెమితి?" అని అక్కడి ఎండల గురించి అడిగాడు. రోజూ సాయంత్రం నాలుగింటికి వాన పడుతుందనీ, తర్వాత రోడ్లు ఆవిర్లు కక్కుతాయనీ చెప్పాడు నాన్న. ఆమె నోరు తెరుచుకుని వింది. నాకు గర్వంగా ఉంది. పులిహోర నలుగురం తిన్నాం.

తెల్లవారకముందే చెన్నైలో దిగాం. విమానం పదిన్నరకి. స్టేషను బయట టీ తాగుదామని నిలబడ్డాం. నాన్న టీ కొట్టాయనతో గడగడా తమిళం మాట్లాడాడు. తమిళం సింగపూర్‌లో వచ్చిందని మాకు తెలుసు, ఆశ్చర్యం లేదు. కానీ టీ గ్లాసు పట్టుకుని చీకట్లోకి చెయ్యి చూపించి, "ఇలగ ఎల్తే బ్రాడ్వే. అక్కడినించి కుడిపక్క సందుల్లోంచి పోతే హార్బరు, అరగంట నడక" అన్నాడు.

"నీకెలా తెల్సు?"

"ఓడ ఎక్కింది ఇక్కడే కదమ్మా."

ఓడ ఎక్కడానికి వచ్చినవాడికి సందులు కూడా గుర్తుంటాయా అనుకున్నాను. ట్యాక్సీ వచ్చింది.

ఇక ఈ దారిన వెళ్ళాలనుకునే వారికి రెండు ముక్కలు. బయల్దేరే మూడు రోజుల్లోపు ఫోన్లోనే రాక వివరాల కార్డు నింపుకోవాలి. గడియారం రెండున్నర గంటలు ముందుకు తిప్పుకోవాలి. ప్రయాణం నాలుగు గంటల పైచిలుకు. సాయంత్రం ఏడవుతుండగా సెరంగూన్ రోడ్డు పక్క సందులో మా హోటలు చేరాం. గది చిన్నది, శుభ్రంగా ఉంది. కింద వీధిలో మల్లెపూల దండలు, అరటాకులు, తమిళ పాటలు. నాన్న కిటికీ దగ్గర చాలాసేపు నిలబడ్డాడు. "గుర్తొస్తందా?" అన్నాను. "మారిపోనాది" అన్నాడు.

మర్నాడు ఉదయం ఎనిమిదికి పక్కనే ఉన్న మార్కెట్ భవనంలోకి టిఫినుకి వెళ్ళాం. కింద అంతస్తులో వరుసగా తిండి కొట్లు, మధ్యలో బల్లలు. ఒక బల్ల మీద ఎవరిదో టిష్యూ పేపరు పొట్లం ఉంది. నాన్న దాన్ని పక్క బల్ల మీద పెట్టి కూర్చున్నాడు. ఇంతలో ఒక చైనావాళ్ళావిడ పళ్ళెంతో వచ్చి, పొట్లం వైపూ మా వైపూ చూసి ఏదో గొణిగింది. అలా పొట్లం పెడితే సీటు పట్టుకున్నట్టట. మేం లేచిపోయాం. రెండేళ్ళున్నవాడికి ఇది తెలియదా? ఒకవేళ ఆ రోజుల్లో టిష్యూ పొట్లాలే లేవేమో. నాకు నేనే జవాబు చెప్పుకున్నాను.

రోటీ ప్రాటా కొట్టు దగ్గర నాన్న తమిళంలో చెప్పాడు. కొట్టాయన, యాభై ఏళ్ళుంటాయి, పిండి గాల్లో తిప్పుతూ నవ్వాడు. నాకు తమిళం కొద్దిగా అర్థమవుతుంది. "అయ్యా, మీది మద్రాసు హార్బరు మాట. మా మామ అచ్చం ఇలాగే మాట్లాడేవాడు. అక్కడ ఎన్నాళ్ళున్నారు?" అని అడిగాడు.

"నేదు, నేదు" అన్నాడు నాన్న తెలుగులోనే, కంగారుగా, పళ్ళెం అందుకుని. ప్రాటా వేడిగా, పొరలు పొరలుగా ఉంది. పక్కన ఇచ్చిన పులుసు మన సాంబారుకి దూరపు చుట్టం. నాన్న తల ఎత్తకుండా గబగబా తిన్నాడు.

పది గంటలకి మెట్రో ఎక్కి నది దగ్గరకి వెళ్ళాం. అక్కడ నా అనుమానాలన్నీ పటాపంచలయ్యాయి. వంతెన, దాని అవతల పొడుగాటి గడియారం గోపురంతో తెల్లటి కట్టడం, నది సముద్రంలో కలిసే మలుపు, నేను వ్యాసంలో ఎలా రాశానో అలాగే ఉన్నాయి. పడవలు మాత్రం సరుకులవి కావు, యాత్రికులవి. వంతెన దగ్గర బెంచీ మీద కూర్చున్న ఒక ముసలి తమిళావిడని తిండి బళ్ళ గురించి అడిగాను. "సముద్రం ఒడ్డున ఉండేవి. ఎప్పుడో తీసేశారు. నీకెవరు చెప్పారు?" అంది. "మా నాన్న" అని చూపించాను. నాన్న గడియారం వైపు చూస్తున్నాడు. కొత్తగా చూసేవాళ్ళు చూసినట్టు, నోరు కొంచెం తెరిచి.

"నాన్నా, నువ్వు పన్జేసిన ఓటలు ఎటుపక్క?"

అటు చూశాడు, ఇటు చూశాడు. "కూలగొట్టీసుంటారు" అన్నాడు.

మధ్యాహ్నం వాన పడింది, నాలుగింటికే. రాత్రి భోజనాలకి ముందు అమ్మ ఫోను చేసింది. "అన్నీ గుర్తు పట్టీసేరా?" అని అడిగితే, నాన్న "ఆఁ, ఆఁ" అని ఫోను నాకిచ్చేశాడు. నేను రోజూ కోర్టులో చూసే మనుషులే గుర్తొచ్చారు. నిజం చెప్పేవాడు కూడా కంగారులో తప్పులు చెబుతాడు. అబద్ధం చెప్పేవాడు చెప్పిన దాంట్లోనూ సగం నిజాలుంటాయి. మా నాన్న మీద ఇలాంటి లెక్కలు వేస్తున్నందుకు సిగ్గేసింది.

మూడో రోజు పూలతోట చూసుకుని, మధ్యాహ్నం రెండు దాటాక ఒక పాత తిండి కొట్ల మండపానికి వెళ్ళాం. నాన్నకి చెప్పకుండా నేనే వరుసలో నిలబడి రెండు గిన్నెల లక్సా తెచ్చాను. ఆరేసి డాలర్లు. ఆయన ముందు పెట్టాను. ఎర్రటి పులుసు, పైన నూనె తేలుతోంది. తెల్లటి లావు సేమ్యాలు, రెండు రొయ్యలు, తరిగిన ఆకు.

నాన్న చెంచాతో కొంచెం తీసుకుని తాగాడు. మొహం చిట్లించాడు. మళ్ళీ ఒక చెంచా తీసుకున్నాడు.

"ఇదేటమ్మా? బాగుంది. కారంగా ఉన్నాది. ఏటిది?"

ఆయన నా మొహం చూశాడు. తర్వాత కొట్టు మీద బోర్డు చదివాడు, ఇంగ్లీషు అక్షరాలు ఒక్కొక్కటీ కూడబలుక్కుంటూ. చెంచా గిన్నెలో పెట్టేశాడు.

"తెల్లగా ఉంటాదనుకున్నాను" అన్నాడు. "కొబ్బరిపాలు కదా. ఇన్నేళ్ళూ తెల్లగా ఉంటాదనే సెప్పేను."

మా చుట్టూ జనం పళ్ళేలు పట్టుకుని తిరుగుతున్నారు. ఎవరో కుర్చీ కావాలని అడిగి పట్టుకెళ్ళారు.

"నాను ఎప్పుడూ తిన్నేదమ్మా. ఈ ఊరు రానేదు నాను."

తర్వాత చెప్పిందంతా గిన్నె వైపు చూస్తూనే చెప్పాడు. నాన్నతో కలిపి మా గంజాం జిల్లా నుంచి ఐదుగురిని ఒక ఏజెంటు మద్రాసు తీసుకొచ్చాడు. హార్బరు దగ్గర సత్రంలో కూర్చోబెట్టి, ఓడ టిక్కెట్లు తెస్తానని వెళ్ళి మళ్ళీ రాలేదు. మిగతా నలుగురూ వేరే ఊళ్ళవాళ్ళు, ఇళ్ళకి వెళ్ళిపోయారు. నాన్న కోసం మా నాయనమ్మ మెడలో గొలుసు అమ్మింది. వట్టి చేతులతో ఆమెకి మొహం చూపించలేక అక్కడే ఒక చిన్న హోటల్లో గిన్నెలు కడిగే పనిలో చేరాడు. దాని యజమాని ఖాదర్ అనే పెద్దాయన, సింగపూర్‌లో ఇరవై ఏళ్ళు వంటమనిషిగా చేసి వచ్చినవాడు. రోజూ కొట్టు కట్టేశాక ఆ ఊరి సంగతులు చెప్పేవాడు. నది, పడవలు, గడియారం గోపురం, నాలుగింటి వాన, లక్సా.

"మరి ఉత్తరాలు? నాయనమ్మ దాచుకుంది కదా, సింగపూర్ స్టాంపులతోటి."

"ఖాదరు గారి తమ్ముడు ఓడలో పన్జేసీవాడు. ఆడి సేతికిచ్చి అక్కడ డబ్బాలో ఏయించీవాడిని."

"మరి అమ్మకి పెళ్ళిలో పెట్టిన ఫారిన్ సీర?"

"బర్మా బజారు. మెడ్రాసులోదే."

నాకు నవ్వొచ్చింది. అది నవ్వో ఏడుపో నాకే తెలియలేదు. కోపం కూడా వచ్చింది, కానీ ఎవరి మీద? అమ్మని ఇచ్చి పెళ్ళి చేసింది ఆ మాట మీద. నేను బహుమతి తెచ్చుకుంది ఆ మాట మీద. కానీ చెప్పినవేవీ అబద్ధాలు కావు. ఆ ఖాదర్ గారు చూసినవి చూసినట్టే ఉన్నాయి, నిన్న నా కళ్ళతో చూశాను. చూసిన మనిషే వేరు.

"ఒకసారి ఇంటికెల్లేక అందరూ సింగపూర్, సింగపూర్ అన్నారు. మా అమ్మ వీధి వీధీ తిరిగి సెప్పుకుంది. ఇంకెక్కడ ఆపను?" అన్నాడు. "నువ్వు రమ్మన్నప్పుడే సెప్పీవలసింది. నోరు రానేదు. ఇక్కడికొచ్చి ఏదోలాగ గట్టెక్కిపోదామనుకున్నాను."

నేను నా గిన్నె తిన్నాను. ఏం చెయ్యాలో తోచక తిన్నాను. కాసేపటికి ఆయనా చెంచా తీసుకున్నాడు. పులుసు అడుగు వరకూ తాగి, "రొయ్యలు మన గోపాల్‌పూర్‌వే నయం" అన్నాడు.

తర్వాత రోజున్నర ఎలా గడిచిందో సరిగ్గా చెప్పలేను. అంతవరకూ గైడు ఆయన అనుకున్నాను, ఇప్పుడు ఇద్దరికీ ఏమీ తెలియదు. మెట్రోలో రెండుసార్లు ఎదురు దిక్కు రైలెక్కాం. ఒకసారి విమానాశ్రయం దాకా వెళ్ళి వెనక్కొచ్చాం. నాన్న మాత్రం తేలికపడ్డాడు. కనిపించినవాళ్ళందరినీ "ఇదేటి, అదేటి" అని తమిళంలో అడిగాడు. కొబ్బరి జామ్ రాసిన కాల్చిన రొట్టెని సగం ఉడికిన గుడ్డులో ముంచుకుని తిన్నాడు. దూరియన్ పండు వాసన చూసి, పారిపోయి, మళ్ళీ వెనక్కొచ్చి ఒక తొన తిన్నాడు. సింహం తల బొమ్మ ముందు నిలబడి నా చేత నాలుగు ఫోటోలు తీయించుకున్నాడు. నేను పక్కనే నడుస్తూ, ఈయనతో ఏం మాట్లాడాలా అని వెతుక్కుంటున్నాను. అమ్మ ఫోను వచ్చినప్పుడల్లా మా ఇద్దరి గొంతులూ మారిపోయేవి.

ఐదో రోజు ఉదయం విమానంలో తిరుగు ప్రయాణం. చెన్నైలో పదకొండున్నరకి బయటపడ్డాం. బరంపురం రైలు రాత్రి ఏడింటికి. సామాను స్టేషన్లో అప్పగించి, "పద, నీ ఊరు సూపించు" అన్నాను.

ఆటో కూడా వద్దన్నాడు. ఎండలో ముందు నడిచాడు. డెబ్భై ఏళ్ళ మనిషి, రోడ్లు దాటుతూ, సందులు తిరుగుతూ, ఒక్కచోట కూడా ఆగి ఎవరినీ అడగలేదు. హోటలు ఉన్నచోట ఇప్పుడు ఫోను కవర్లు అమ్మే కొట్టుంది. దాని ముందున్న రాతి మెట్ల మీద చెయ్యి వేశాడు. "ఇక్కడ పడుకునీవాడిని. వానొస్తే లోపల బల్ల మీద." ఖాదర్ గారి సంగతి కొట్టువాళ్ళకి తెలియదు. పక్క సందులో ఒక పాత మెస్సులో పరోటా, సేరువా తిన్నాం. నాన్న నాకు పరోటాని ముక్కలు చేసి పులుసులో నాననిచ్చి తినడం నేర్పించాడు. ఏ వీధిలో నీళ్ళ పంపు ఉండేదో, ఎక్కడ నిలబడి ఓడలు చూసేవాడో చూపించాడు. గొంతు తగ్గించి చెప్పాడు, గొప్పలు లేవు. ఆ మూడు గంటల్లో నాకు అర్థమైంది ఒకటే. పరదేశంలో ఉండి వచ్చినవాడే ఈయన. ఆ పరదేశం ఇది.

రైల్లో మర్నాడు పొద్దున్న శ్రీకాకుళం రోడ్డు దాటాక నాన్న నా ఫోను అడిగాడు. అమ్మకి చెయ్యమన్నాడు. నేను లేచి వెళ్ళబోతే కూర్చోమన్నాడు.

"ఇదిగో, ఇనుకో. నాను అప్పుడు సింగపూర్ ఎల్లనేదు. మెడ్రాసులో గిన్నెలు కడిగేను రెండేళ్ళు. ఇన్నాళ్ళూ నీకు అబద్ధం సెప్పేను."

అవతల ఫోను కట్టయింది. నాన్న దాన్ని నా చేతికిచ్చి కిటికీ వైపు తిరిగాడు. పలాస వచ్చింది. జీడిపప్పు పొట్లాలు అమ్మేవాళ్ళు ఎక్కి దిగారు. ఆయన అటు తిరిగే ఉన్నాడు.

ఇరవై నిమిషాల తర్వాత అమ్మే చేసింది, నాతో మాట్లాడింది. "మీ నాన్న బీపీ మాత్ర ఏసుకున్నాడా?"

"ఏసుకున్నాడమ్మా. నీకు కోపమొచ్చిందా?"

"నాకేటి తెల్దు. నవ్వాలో ఏడవాలో తెల్డం నేదు. మా నాన్న బతికుంటే ఏటనీవాడో. సేపల పులుసు పెట్టీసేను, ముందు ఆయన్ని ఇంటికి రానీ" అని పెట్టేసింది.

"ఏటందమ్మా?" అన్నాడు నాన్న ఇటు తిరక్కుండానే.

"సేపల పులుసు పెట్టిందట."

ఆయన భుజాలు కొంచెం దిగాయి. అమ్మది కోపమో కాదో ఆయనకీ తెలియలేదు, నాకూ తెలియలేదు.

పలాసలో ఎక్కిన ఒకావిడ, కూతురి పెళ్ళికి పట్టు చీరలు కొనడానికి బరంపురం వెళ్తోందట, మా సూట్‌కేసుల మీది విమానం చీటీలు చూసి ఎక్కడి నుంచి అని అడిగింది. నేను నాన్న వైపు చూశాను.

"సింగపూర్ ఎల్లేం. మొదటిసారి" అన్నాడు.

ఎలా ఉందంది ఆమె. నాన్న మొదలుపెట్టాడు. కానీ మాట సాగలేదు. ఆ మార్కెట్ పేరేటమ్మా అని నన్ను అడిగాడు. రొట్టె ముందు తిన్నామా, గడియారం ముందు చూశామా అని ఆగాడు. కాదు, వాన పడింది ఆ మర్నాడు అని సర్దుకున్నాడు. చూడకముందు ఇన్నేళ్ళూ ఒక్క మాట తడబడకుండా చెప్పిన మనిషి, చూసొచ్చాక ప్రతి మాటకీ వెతుక్కుంటున్నాడు. ఆమె ఓపిగ్గా వింది. రైలు ఇచ్చాపురం దాటి ఒడిశాలోకి వచ్చేసినా, ఆయన ఇంకా రెండో రోజు పొద్దున్న టిఫిను దగ్గరే ఉన్నాడు.